తలుపు సందు

ధ్యాన భాగములు: 2 రాజులు 12:4–15, యిర్మీయా 22:13–17, లేవీయకాండము 19:13



వానలు వెలిసి కార్తీక మాసపు ఎండ కాయ నారంభించగానే మన డెల్టా గ్రామములలో ఒక చప్పుడు వినవచ్చును. అది బాడిస దెబ్బ, రంపపు కోత, చిత్రిక పట్టు చప్పుడు. వానకాలమంతయు ఉబ్బి బిగిసిపోయిన తలుపులు, చెదలు తినిన ద్వారబంధములు, కుంగిన తాటిదూలములు, విరిగిన మంచపు కోళ్లు, ఇవన్నియు ఆ దినములలోనే మనము బాగుచేయించుకొందుము. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు అనిరి. కట్టిన యింటిని నిలుపుకొనుటయు అంత తేలికయైన పని కాదు. అందుకొరకు ఎప్పుడో ఒకప్పుడు వడ్రంగిని పిలువని గృహస్థుడు మన ఊళ్లలో లేడు.

అయితే వడ్రంగిని మన గుమ్మములోనికి పిలుచునప్పుడు మన భక్తియు పరీక్షకు వచ్చుచున్నదని మనలో ఎందరము తలంచుచున్నాము? ఈ నెల ఆ సంగతిని ధ్యానింతము. ఇందులో మా తప్పిదమొకటి కూడ మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది.

మందిరమును బాగుచేసినవారు

యోవాషు రాజు కాలమున యెరూషలేములోని దేవుని మందిరము అక్కడక్కడ శిథిలమై యుండెను. బాగుచేయించుడని రాజు యాజకులకు ఆజ్ఞాపించెను. జనులు కానుకలు ఇచ్చుచునే యుండిరి. అయినను రాజు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వచ్చునప్పటికి ఒక్క పగులైనను పూడ్చబడలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు బెజ్జము వేయించి, బలిపీఠము దగ్గర ఉంచెను. అందులో పడిన ద్రవ్యమును లెక్కించి, పని చేయించువారి ద్వారా వడ్లవారికిని, కట్టువారికిని, రాతి పనివారికిని ఇచ్చిరి. దానితోనే మ్రానులును రాళ్లును కొనిరి.

ఈ చరిత్రలో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, మందిరము నిలిచినది పాటల వలన మాత్రమే కాదు, పనివారి చేతుల వలన కూడ. రెండవది, ఆ పని చేయించువారు నమ్మకస్థులై యుండిరి గనుక వారిని ఎవరును లెక్క అడుగలేదని వాక్యము చెప్పుచున్నది. యాజకులను గూర్చి ఆ మాట వ్రాయబడలేదు. పని చేయించి పనివారికి కూలి ఇచ్చినవారిని గూర్చి వ్రాయబడినది! తరువాత యోషీయా రాజు కాలమున మందిరము మరల బాగుచేయబడినప్పుడును పని చేయించువారిని గూర్చి అదే సాక్ష్యము కలదు (2 రాజులు 22:5–7). బాడిస పట్టిన చేతికి పరిశుద్ధ గ్రంథము ఇంత గౌరవము ఇచ్చినది.

మా యింటి తలుపు

ఇప్పుడు మా సంగతి చెప్పెదము. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మీకందరికిని జ్ఞాపకమే. భద్రాచలమువద్ద నీటిమట్టము 71.3 అడుగులకు చేరెను. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంత నీరు చూచుట అదియే. ధవళేశ్వరమువద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రమునకు పోయెను. లంక గ్రామములు అనేకము మునిగినవి. మా యింటిలోనికిని నీరు వచ్చి కొన్ని దినములు నిలిచెను. నీరు తీసిన తరువాత చూడగా వీధి తలుపును వంటయింటి తలుపును ఉబ్బిపోయి, మూయబోతే పడవు, పడినవి తెరువబోతే రావు.

ఆగస్టు మొదటి వారములోనే ఊరి వడ్రంగి మేస్త్రిని పిలిపించితిమి. ఆయన తలుపును తట్టి, అంచు వెంబడి వ్రేలు రాచి, "అయ్యగారండీ, ఇప్పుడు చిత్రిక పట్టొద్దండి. కఱ్ఱ నిండా నీరుందండి. నీడపట్టున ఆరనివ్వండి. కార్తీకంలో వస్తాను, అప్పటికి సగం ఉబ్బు దానంతటదే దిగిపోద్దండి" అనెను.

మాకు ఓపిక లేకపోయెను. "రాత్రులు తలుపు పడకుండ ఎట్లు పడుకొందుము? ఇప్పుడే చేయుము" అని పట్టుబట్టితిమి. ఆయన మరల ఒకసారి చెప్పి చూచి, మా మాట కాదనలేక రెండు తలుపుల అంచులను చిత్రిక పట్టి, ఒక కిటికీ చట్రమునకు క్రొత్త కఱ్ఱ వేసి ఇచ్చెను. మొత్తము 3,800 రూపాయలు మాట్లాడుకొంటిమి. 3,000 ఇచ్చి, మిగిలిన 800 చేతికి డబ్బు రాగానే ఇత్తుమంటిమి.

వేసవి వచ్చెను. కఱ్ఱ ఆరెను. తలుపునకును బంధమునకును నడుమ వ్రేలు దూరునంత సందు ఏర్పడెను. గడియ దాని బెజ్జము వరకు అందదు. అదే దినములలో మేస్త్రి తన 800 రూపాయల కొరకు వచ్చెను. మేము ఆయనకు ఆ సందు చూపి, "ఇదేనా పని?" అని అడిగి, వట్టి చేతులతో పంపివేసితిమి. ఆయన ఏమియు అనలేదు. తలుపువైపు ఒకసారి చూచి వెళ్లిపోయెను.

కఱ్ఱ చెప్పిన సత్యము

ఆయన మొదట చెప్పినదే నిజము. కొట్టిన తరువాత కూడ కఱ్ఱ గాలిలోని తేమను పీల్చుచు విడుచుచు ఉండును. తేమ పీల్చినప్పుడు అది పొడవున దాదాపు పెరుగదు, అడ్డముగా ఉబ్బును. ఆరినప్పుడు మరల అడ్డముగానే తగ్గును. ఉబ్బియున్నప్పుడు అంచు చెక్కివేసినయెడల, ఎండాకాలమున అంతమేర లోటు పడక తప్పదు. నీట నానిన తలుపును మండుటెండలో పెట్టినయెడల బీటలు వారును, మెలి తిరుగును. అందుకే నీడపట్టున మెల్లగా ఆరబెట్టవలెను. పాత పలకల తలుపులను చూచితిరా? నడిమి పలకను చట్రపు గాడిలో బిగించి అంటింపక, కొంచెము కదలునట్లు వదలిపెట్టుదురు. కఱ్ఱ ఊపిరి పీల్చుకొనుటకు చోటు ఉండవలెనని మన వడ్రంగులకు తరతరములుగా తెలియును. టేకు తక్కువగా కదలును గనుకనే తలుపులకు దానిని కోరుదురు. మామిడి కఱ్ఱ ఎక్కువగా కదలును.

ఈ విద్య మాకు తెలియదు. తెలిసినవాడు చెప్పినను వినలేదు. మా తొందరవలన కలిగిన నష్టమును ఆయన కూలిలోనుండి రాబట్టుకొంటిమి. దీనికి లోకము జాగ్రత్త అని పేరు పెట్టును. పరిశుద్ధ గ్రంథము పెట్టిన పేరు వేరు.

తండ్రి ఒకడు, కుమారుడు ఒకడు

కూలివాని జీతము మరునాటి ఉదయము వరకు నీయొద్ద ఉంచుకొనరాదని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెను, అతడు బీదవాడు గనుక దానిమీదనే ఆశ పెట్టుకొని యుండునని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో కారణము కూడ చెప్పబడెను. ఆ కూలి వాని యింటిలో ఆ రాత్రి ఉడుకవలసిన బియ్యము. అది మన పెట్టెలో ఉన్నయెడల వాని పొయ్యి చల్లగా ఉన్నదన్నమాట. బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టునని, ఆ మొఱ్ఱ సైన్యముల ప్రభువు చెవిని పడునని యాకోబు భక్తుడు వ్రాసెను (5:4). చూడుడి, పనివాడు నోరు తెరువకపోయినను కూలికి నోరు ఉన్నది.

యిర్మీయా ప్రవక్త దీనిని ఒక రాజు ముఖముననే చెప్పెను. యెహోయాకీము విశాలమైన మేడగదులు కట్టించి, పెద్ద కిటికీలు పెట్టించి, దేవదారు పలకలు వేయించి, ఇంగిలీకముతో రంగు పూయించెను. అయితే పనివారికి జీతమియ్యలేదు; పొరుగువానిచేత ఊరక పని చేయించుకొనెను. ప్రవక్త ఆ యింటి మీద శ్రమ ప్రకటించెను. ఈ యెహోయాకీము ఎవరి కుమారుడు? మనము పైన చెప్పుకొనిన యోషీయా కుమారుడే! తండ్రి పని చేయించువారిని నమ్మి, వడ్లవారి ద్రవ్యమును వారి చేతికి అప్పగించి, మందిరమును బాగుచేయించెను. కుమారుడు వారి కూలి ఎగవేసి తన మేడ కట్టుకొనెను. నీ తండ్రి నీతిన్యాయముల ననుసరించెను, బీదవాని వ్యాజ్యెము తీర్చెను, నన్ను తెలిసికొనుట అనగా అదియే గదా అని దేవుడు ఆ కుమారునితో అడిగెను. దేవుని తెలిసికొనుట ఎక్కడ కనబడునని దేవుడే చెప్పుచున్నాడో గమనింపుడి. పనివానికి ఇచ్చిన కూలిలో!

మేము ఆ దినములలో ఏ తండ్రి ప్రక్కన నిలిచితిమో, ఏ కుమారుని ప్రక్కన నిలిచితిమో మీరే చెప్పగలరు.

ఆ వృత్తి ప్రభువుది

మన ప్రభువు నజరేతులో ఏ పని చేసి బ్రదికెనో మార్కు సువార్త 6వ అధ్యాయములో ఉన్నది. ఊరివారు ఆయనను వడ్లవాడనియే ఎరిగియుండిరి. క్రీస్తు శకము రెండవ శతాబ్దములో జీవించిన జస్టిన్ అను హతసాక్షి, యేసు నాగళ్లును కాడులును చేసెనని వ్రాసెను. తన కాడి సుళువుగా ఉండునని ప్రభువు చెప్పినప్పుడు, ఎద్దు మెడ ఒరిసిపోకుండ కాడిని నునుపు చేయు పనివాని మాటవలె అది వినబడుట లేదా? కంటిలోని నలుసును, కంటిలోని దూలమును గూర్చి చెప్పినప్పుడును అంతే.

దేవుని మందసము దేనితో చేయబడెను? తుమ్మకఱ్ఱతో. మన చేల గట్లమీద ముండ్లతో నిలిచి, నాగళ్లకును బండ్లకును కఱ్ఱనిచ్చు తుమ్మ చెట్టు జాతియే అది. ప్రత్యక్షపు గుడారపు పలకలు ఒకదానికొకటి సరియైన కుసులతో నిలువబెట్టబడెను. బెసలేలును దేవుడు పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపి, కఱ్ఱ చెక్కుటయు నేర్పెను. ఆత్మతో నింపబడిన ఆ మనుష్యుని చేతిలో ఉండినది పనిముట్టు.

మన సీమయు అట్టి చేతులవలన నిలిచినదే. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టను తలంచినప్పుడు కాటన్ దొరను జ్ఞాపకము చేసికొందుము, అది న్యాయమే. అయితే అక్కడ కఱ్ఱ కోసినవారు, ఇనుము కాచినవారు, రాయి మోసినవారు వేలమంది; వారి పేర్లు ఎవరు తలంచుచున్నారు? ఒకప్పుడు కోరంగి రేవులో సముద్రమునకు పోవు ఓడలనే మన వడ్రంగులు కట్టిరి. ఎగువ అడవులనుండి టేకు దుంగలు తెప్పలుగా గోదావరి మీద రాజమహేంద్రవరమునకు దిగుచుండెడివి. 1836లో ఇంగ్లాండునుండి బయలుదేరి వచ్చి, నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములలో సువార్త ప్రకటించిన బౌడెన్, బీర్ అను దైవసేవకులును చేతిపని చేసికొని బ్రదికినవారే. చేతిపనిని చిన్నచూపు చూచుటకు మనకు ఏ దారియు లేదు.

సందులోనుండి చూచిన ఊరు

మా కథ ఇంకను ముగియలేదు. మరుసటి సంవత్సరము మన ఆలయపు తలుపులును, రెండు బల్లలును బాగుచేయింపవలెనని పెద్దలు తీర్మానించిరి. ఆ మేస్త్రి యొద్దకే వెళ్లిరి. "తీరిక లేదండి" అని ఆయన మర్యాదగా చెప్పెను. రెండవసారి వెళ్లినను అదే మాట. కారణము ఎవరును ఎరుగరు, మేము ఎరుగుదుము. మేము నోరు మూసికొని ఊరకుంటిమి.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘములోని ఒక వృద్ధురాలు మా యొద్దకు వచ్చి మెల్లగా, "అయ్యగారండీ, కోపం తెచ్చుకోకండి. మీ ఇంటి తలుపు సందులోంచి ఊరంతా లోపలికి చూస్తోందండి" అనెను. అంతకు మించి ఆమె ఏమియు అనలేదు. అనవలసిన పనియు లేదు. ఆ దినము మేము చేసిన ప్రసంగము మాకు జ్ఞాపకము లేదు. ఆమె చేసినది మాత్రము జ్ఞాపకమున్నది.

ఆ సాయంకాలమే డబ్బు తీసికొని మేస్త్రి యింటికి వెళ్లితిమి. ఆయన వాకిట కూర్చుండి ఒక పీటకు చిత్రిక పట్టుచుండెను. "మేస్త్రీ, తప్పు మాది. నీవు చెప్పితివి, మేము వినలేదు. నీ కూలి ఇన్నాళ్లు మా యొద్ద ఉంచుకొంటిమి, క్షమింపుము" అని వెయ్యి రూపాయలు చేతిలో పెట్టితిమి. ఆయన లెక్కపెట్టి, 800 ఉంచుకొని, 200 తిరిగి ఇచ్చెను. "నాది నాకు చాలండి" అనెను. కొంచెము సేపు ఊరకుండి మరల ఇట్లనెను: "చిన్నప్పుడు మిషను బడిలో చదివానండి. మీ దేవుడు కూడా మా పనే చేశారని అక్కడ విన్నానండి. అందుకే మీ ఇంట్లో నేను బేరం గట్టిగా ఆడలేదండి."

ప్రియులారా, ఆ మాట విని మేము తల ఎత్తలేకపోతిమి. ఆయన మన ప్రభువు పేరును నమ్మి తన కూలి తగ్గించుకొనెను. ఆ ప్రభువు పేరు పెట్టుకొనిన మేము ఆ తగ్గించిన కూలిని కూడ బిగబట్టితిమి.

కార్తీకములో ఆయన తన అంతట తానే వచ్చెను. మొదట ఆలయపు తలుపులు చేసెను. పిమ్మట మా తలుపు అంచుకు ఒక టేకు బద్ద అతికి, గడియ సరిచేసెను. ఆ సాయంకాలము ప్రొద్దు గ్రుంకకముందే కూలి ఇచ్చితిమి.

మనము చేయవలసినది

ఇప్పుడు ఊళ్లలోనికి తయారు తలుపులు, ప్లైవుడ్డు పలకలు, ప్లాస్టిక్ తలుపులు విరివిగా వచ్చినవి. ఊరి వడ్రంగికి పని తగ్గినది. మరమ్మతు పనియే వారిలో అనేకులకు ఆధారము. అందుచేత ఈ మాటలు మనసునందుంచుకొనుడి.

మొదటిది: పని ఆరంభింపకముందే లెక్క చూచుకొనుడి. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించుకొనునని ప్రభువు సెలవిచ్చెను (లూకా 14:28). ఏ కఱ్ఱ, ఎవరు కొనవలెను, రోజు కూలియా గుత్తయా, ఎన్ని దినములు, ఈ నాలుగును ఒక కాగితము మీద వ్రాసికొనుడి. అప్పుడు తరువాత మాట తేడా రాదు.

రెండవది: పని తెలిసినవాని మాట వినుడి. కఱ్ఱ ఆరలేదని అతడు చెప్పినయెడల ఆగుడి. మన తొందర ఖర్చు అతని మీద వేయకుడి.

మూడవది: ఆ దినపు కూలి ఆ దినమే ఇయ్యుడి. గుత్తపని అయినయెడల పని ముగిసిన దినముననే ఇయ్యుడి. ఇయ్యలేని పని చేయించుకొనకుడి. చేతిలో డబ్బు వచ్చువరకు విరిగిన మంచము మీద పడుకొనుట పాపము కాదు.

నాలుగవది: పనిలో లోపము కనబడినయెడల ముందు అతనిని పిలిచి, ఇద్దరు కలిసి చూడుడి. వినకముందే తీర్పు తీర్చకుడి.

ఐదవది: పనివానికి మన మంచినీళ్ల చెంబు, మన కంచము, మన బల్ల ఇయ్యుడి. మన పెద్దలలో అనేకులు వేరు గ్లాసులో త్రాగి, గుమ్మము బయట కూర్చుండి పడిన అవమానము మనము మరువలేము. అది ఎరిగిన మనము, ఏ జాతివాడైనను, ఏ మతమువాడైనను, మన గుమ్మములో ఎవనిని అట్లు కూర్చుండనియ్యరాదు.

చదువు తక్కువైన పనివారికి మన యువకులు సాయము చేయవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న ఆరంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో వడ్రంగమును ఒకటి. దాని దరఖాస్తు నింపి పెట్టుటయు ఒక పరిచర్యయే.

మన సంఘములో ఉలి, బాడిస పట్టి బ్రదుకు సహోదరులతో కూడ ఒక మాట. చేవలేని కఱ్ఱకు రంగు పూసి చేవగలదని చెప్పకుడి. నాలుగు ఇండ్లలో బయానా తీసికొని నాలుగు చోట్ల పని మొదలుపెట్టి, ఏదియు ముగింపక తిప్పవద్దు. లెక్క అడుగబడని నమ్మకస్థులని మందిరపు పని చేయించినవారిని గూర్చి వ్రాయబడిన మాట మీ గూర్చియు మన ఊరివారు చెప్పుకొనునట్లు పని చేయుడి.

తుదిమాట

ఈ రాత్రి తలుపు గడియ పెట్టునప్పుడు ఒక్క క్షణము నిలిచి చూడుడి. ఆ తలుపు చేసినవాని కూలి, ఆ గోడ కట్టినవాని కూలి, ఆ కప్పు నేసినవాని కూలి, ఏదైనను ఇంకను మన యొద్ద ఉన్నదా? ఉన్నయెడల గడియ తీసి, లాంతరో టార్చిలైటో పట్టుకొని, ఇప్పుడే వెళ్లి ఇచ్చి రండి. బాకీ తీర్చి వచ్చినవానికి నిద్ర చక్కగా పట్టును. ఇది మేము అనుభవించి చెప్పుచున్న మాట.

ప్రార్థన: నజరేతు ఇంట పనిచేసిన ప్రభువా, నీ చేతులకు కఱ్ఱ బరువు తెలియును, కూలివాని ఆకలి తెలియును. మా యింట పనిచేయు ప్రతివానిలో నిన్ను చూచు కన్నులు మాకు దయచేయుము. మేము బిగబట్టినదానిని ఇచ్చివేయు ధైర్యమును, తప్పు ఒప్పుకొను వినయమును మాకు దయచేయుము. ఉబ్బిపోయిన మా హృదయములను నీ కాలమందు ఆరబెట్టి, నీ చేతితో నునుపు చేసి, నీ యింటికి తగినవిగా అమర్చుము. ఆమేన్.